సాయవ్వ విడిచిన ఒక్కపొద్దు

మంచిర్యాల దగ్గరి బొగ్గుగని కాలనీలో సాయవ్వను ఎరగనివాళ్లు లేరు. చర్చిలో చాపలు పరిచేది ఆమే, ఇరుగింట కాన్పయితే మొదట నీళ్లు కాచేదీ ఆమే. కూతురు రూతు ఎనిమిదో నెల కడుపుతో ఫిట్సు వచ్చి చనిపోయినప్పటి నుంచి మాత్రం మాట తగ్గింది. రూతు కాళ్లు, మొహం ఉబ్బితే నీరు పట్టిందిలే, కాన్పయితే తీస్తుందని అంతా అన్నారు. అది బీపీ అని తెలిసేసరికి రూతు దక్కలేదు.

ఇప్పుడు కోడలు బ్లెస్సీకి ఏడో నెల. ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమల దినాలు మొదలవగానే సాయవ్వ దేవునికి మాటిచ్చింది: ఈస్టరు దాకా పగలు పచ్చి మంచినీళ్లయినా ముట్టను, ఈ పిల్లను క్షేమంగా నిలబెట్టు అని.

ఒకనాటి పొద్దున నర్సు గంగుబాయి వచ్చి బ్లెస్సీ చేతికి బీపీ పట్టీ చుట్టింది. గాలి వదులుతూనే ఆమె మొహంలో నవ్వు మాయమైంది.

"జర ఎక్కువ చూపెడ్తున్నది. పొద్దుగాల ఏం తిన్నవే?"

బ్లెస్సీ తల దించుకుంది. "ఏం తినలే."

"మరి గోలీలు?"

"రాత్రి తిన్నంక అన్ని ఒక్కపారే మింగుతున్న. ఎప్పుడు మింగినా గా కడుపులకే పోతయ్ గదక్కా."

గంగుబాయి నెత్తి కొట్టుకుంది. "ఎర్రది, తెల్లది కలిపి మింగితే ఒంటికి సరిగ్గ పట్టయ్. ఎర్రది ఐరన్, తెల్లది క్యాల్షియం. పాలు, పెరుగు తక్కువ తినేటోళ్లకు బీపీ రాకుండ జర అడ్డం పడ్తది. పొద్దుగాల తిన్నంక ఒకటి, రాత్రి తిన్నంక ఒకటి. ఎర్రది పగటాల వేరే. ఇంతకు పగలెందుకు తింటలేవు?"

"అత్తమ్మ నా కోసమే పస్తులుంటున్నది. ఆమె ముంగట నేనెట్ల తినాలె?"

గడప దగ్గరున్న సాయవ్వ ఆ మాట వింది. తాను ప్రార్థనలో కళ్లు మూసుకుంటే, వంటింట్లో కోడలు పళ్లెం బోర్లిస్తోందని ఆమెకు తెలియనే లేదు.

గంగుబాయి ఆరోజే వాళ్లను దవాఖానకు పంపింది. మూత్రం పరీక్షలో ఏమీ రాలేదు. కానీ బీపీ తరచూ చూపించుకోవాలని, తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా క్షణం ఆగకుండా రావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే సాయవ్వ రెండు పళ్లేల్లో జొన్నరొట్టె, పెరుగు పెట్టుకుని కూర్చుంది. మొగుడు పౌలు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏందే, దేవునికిచ్చిన మాట గిట్లనే తప్పుతవా?"

"గా మాట గీ పిల్ల కోసమే ఇచ్చిన. గీ పిల్లనే పస్తు పెట్టుమంటడా దేవుడు? ప్రార్థన ఇడువలే, పస్తు ఇడిచిన. నువ్వు గాడ నిలబడి తీర్పులు చెప్పుడు కాదు, పాలు తే పో."

పౌలు నవ్వుకుంటూ గిన్నె పట్టుకుని కదిలాడు.

"తిను బిడ్డా" అని సాయవ్వ తాను ముందుగా రొట్టె తుంచింది. రూతుకు పెరుగంటే ప్రాణం. కోడలు చూడకుండా కళ్లొత్తుకుంది.

ఈస్టరు వెళ్లింది. బీపీ ఒకనాడు తగ్గేది, ఒకనాడు కొంచెం పెరిగేది. పెరిగిన రోజు సాయవ్వ ఆటో పిలిచేది.

"అత్తమ్మా, ఆటోలోళ్లకు మనిల్లే స్టాండయింది" అని బ్లెస్సీ ఎగతాళి చేసేది.

నెలలు నిండాక దవాఖానలో కాన్పయింది. అక్కడి నర్సు పసిగుడ్డును తెచ్చి "మనుమరాలవ్వా" అంది. సాయవ్వ చేతులు చాపలేదు.

"నా కోడలికి బీపీ ఎంతున్నది?"

"మంచిగున్నది."

"ఇంకోపారి చూడు బిడ్డా."

నర్సు నవ్వి లోపలికి వెళ్లింది. చూసి వచ్చి, "మంచిగనే ఉన్నదవ్వా, నీ కోడలు ఆకలంటున్నది" అంది.

అప్పుడు చాపింది సాయవ్వ చేతులు.