స్విచాఫ్ చేసి ఉంచిన ఫోన్

కరోనా తగ్గిన మరుసటి ఏడు వేసవిలో నన్ను ఎల్బీనగర్ బ్రాంచికి ఫోన్ల ఇన్‌చార్జిగా వేశారు. మాది మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు ఆయాలను పంపే సంస్థ. నేనూ ఆయాగానే చేరాను. మోకాళ్లు అరిగాక కుర్చీ ఇచ్చారు. ఐదో తరగతి దాటని మనిషికి ఫోన్ల పనేమిటని నవ్వినవాళ్లున్నారు. నా చేతికింద ఒక్క ఫోన్ అద్దం పగల్లేదు. టేపు చుట్టి వాడుకోగలిగిన చార్జర్‌ను పారేయనివ్వలేదు.

కంపెనీ ఫోన్‌లో మా యాప్ తప్ప వేరేది తెరుచుకోదు. ఏ ఫోన్‌లో ఏ వర్షన్ ఉండాలో దిల్‌సుఖ్‌నగర్ హెడ్డాఫీసు నుంచే పంపేవారు. అవసరమైతే ఫోన్‌ను చెరిపేయడమూ అక్కడి నుంచే. రోగిని పక్కకు తిప్పిన ప్రతిసారీ ఆయా యాప్‌లో నొక్కాలి. తిప్పకపోతే పుండ్లు పడతాయి. నొక్కినవి ముందు ఫోన్‌లో నిలిచి, తర్వాత ఆఫీసుకు చేరతాయి.

కొత్త వర్షన్‌ను అందరికీ ఒకేసారి ఇవ్వరు. ముందు కొన్ని ఫోన్లకు ఇచ్చి చూస్తారు. దాన్ని ట్రయల్ గుంపు అంటారు. తప్పు కనబడితే దాచకుండా చెప్పేవాళ్ల పేర్లు పంపమని సుధీర్ సార్ అడిగాడు. ఆయన హెడ్డాఫీసులో ఈ పంపకాలు చూసే ఇంజనీరు, నా చిన్న కొడుకు కంటే చిన్నవాడు. నేను మొదట చెప్పిన పేరు మరియమ్మ.

మరియమ్మది నల్లగొండ వైపు పల్లె. మూసారాంబాగ్‌లో కిరాయికి ఉంటూ, కర్మన్‌ఘాట్‌లో కదలలేని ఒక పెద్దాయనను చూసేది. ట్రయల్ వర్షన్ వచ్చిన వారానికి ఆయనకు నడుము కింద పుండు పడి, దవాఖానలో చేర్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఆయన కోడలు బ్రాంచికి వచ్చి, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

"మేమిద్దరం ఆఫీసులకెళ్లిపోతామండీ. ఆవిడ తిప్పిందో, సీరియళ్లు చూసుకుందో మాకెలా తెలుస్తుంది? మీ యాప్‌లో చూపించండి."

చూపించడానికి ఏమీ లేదు. ఆ వారమంతా మరియమ్మ పేరు ఎదుట ఖాళీ.

మరియమ్మను ఫోన్ తీసుకుని రమ్మన్నాను. "తిప్పినప్పుడల్లా నొక్కిన పెద్దమ్మా. పైన గుండ్రంగ తిరుగుతుంటె నీకు జెప్పిన గద" అంది. చెప్పిన మాట నిజమే. నేను సుధీర్ సార్‌కు చేరవేశాను, చూస్తామన్నాడు.

చూశారు కూడా. ట్రయల్ వర్షన్ నొక్కినవాటిని దాచుకుంటుంది, పంపదు. పాత వర్షన్ మళ్లీ వేయాలి. కొత్తదాని మీద పాతది ఎక్కదు గనుక ఫోన్ మొత్తం చెరిపి వేయాలి. గుంపులోని ఫోన్లన్నిటికీ ఆర్డరు వెళ్లిందని సుధీర్ సార్ ఫోన్ చేసినప్పుడు, మరియమ్మ ఫోన్ నా బల్ల మీద ఉంది. ఆర్డరు దానికి అందేలోపే స్విచాఫ్ చేశాను.

"దీంట్ల ఆమె వారం పనంత ఉన్నది సార్. గీ ఒక్కటి వదిలిపెట్టుండ్రి."

"ఆర్డరు వెళ్లిపోయిందమ్మా, వెనక్కి రాదు. ఆన్ చేసి నెట్ తగిలిందంటే చెరిగిపోతుంది."

"నెట్ లేకుంట తెరుస్త."

"ఒకసారి ఆపాక మళ్లీ లాగిన్ అడుగుతుందండీ. నెట్ లేకుండా లాగిన్ అవదు."

సిమ్ తీసి చూశాను. ఆయన చెప్పినట్టే అయింది. మళ్లీ ఆపి, బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. హెడ్డాఫీసువాళ్లు యాప్ తయారుచేసినవాళ్లను అడిగారు. ఆ లాగిన్ తాళం మీరు కోరి వేయించుకున్నదే, మా దగ్గరా తాళంచెవి లేదన్నారు.

బ్రాంచి మేనేజరుకు యాప్ తప్పు తెలుసు. అది రాసివ్వమంటే, పుండు నింద కంపెనీ మీదికి వస్తుందన్నాడు. మరో ఆయాకు ఫోన్ కావాలి, ఆన్ చేయమన్నాడు. చేయలేదు.

మరియమ్మ రోజూ వచ్చేది. "నా నౌకరిని డబ్బల పండబెట్టినవా పెద్దమ్మా?" అని ఎత్తిపొడిచింది.

"లేపితే సస్తది. పండుకోని."

చివరికి ఆమే విసిగింది. "ఎన్నొద్దులు దాస్తవ్? ఆన్ జెయ్. పోతె పోయిందని తెలుస్తది."

మేనేజరు చేయి చాపాడు. డబ్బా మూత నేనే తీసి, సిమ్ మళ్లీ వేసి ఆన్ చేశాను. కంపెనీ గుర్తు వెలిగింది, గీత ఒకటి నిండింది, తర్వాత కొత్త ఫోన్ అడిగినట్టే భాష ఎంచుకోమని అడిగింది.

"తెలుగు నొక్కు పెద్దమ్మా" అంది మరియమ్మ. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

మరియమ్మను విధుల్లో నిర్లక్ష్యమని రాసి తీసేశారు. మా పనిలో ఆ మాట పడ్డవాళ్లను సైదాబాద్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ సంస్థా పెట్టుకోదు. ఆమె పెద్దాయనను అన్నిసార్లూ తిప్పిందా అంటే, నేను ఆ గదిలో లేను. చెప్పగలిగింది ఆ ఫోన్ ఒక్కటే.

కొత్త వర్షన్ చేతికిచ్చే ముందు వెనక్కి వచ్చే దారి ఏదో, ఆ దారిలో ఏం చెరుగుతుందో అడగాలి. ఇది నేను నేర్చుకున్నాను. తప్పు దాచనివాళ్లనే ట్రయల్‌కు ఎంచుతారు గనుక దెబ్బ ముందు వాళ్లకే తగులుతుంది. దీనికి ఉపాయం నాకు దొరకలేదు. నేను కుర్చీ దిగేదాకా హెడ్డాఫీసు పేర్లు అడుగుతూనే ఉంది, నేను పంపుతూనే ఉన్నాను.