వెల్లకిల ఈత, కళాయి పళ్లెం

నా చిన్నప్పుడు బోధన్ పిల్లలందరూ చెరువులో బోర్లా ఈదితే నేనొక్కదాన్నే వెల్లకిలా ఈదేదాన్ని. గొప్ప కోసం కాదు, ముక్కులోకి నీళ్లు పోతే చచ్చేంత భయం. ఆకాశం చూస్తూ చేతులు వెనక్కి విసురుతుంటే ఆ భయం ఉండేది కాదు. చిక్కల్లా ఒకటే, ఎటు పోతున్నానో తెలిసేది కాదు. తూముకని బయలుదేరి బట్టలుతికే బండల దగ్గర తేలేదాన్ని. బడి పిల్లలు నాకు అడ్డంగా నడిచే ఎండ్రకాయ పేరు పెట్టారు. పెట్టరూ మరి!

నాకు పదకొండేళ్లు నిండాక, ఎటు కొట్టుకుపోతానోనని మా బాపుకు బెంగ పట్టుకుంది. ఒకరోజు చెరుకు తోట నుంచి వచ్చి తేల్చి చెప్పాడు. "బడోళ్ల ఈత పందెం ఉన్నదట గదా. సక్కగ తూము కాడికి పోతివా, ఈదుకో. అడ్డం పోతివా, ఇగ చెరువు బంద్."

ఈత లేకపోతే నాకు బతుకే లేదనిపించింది. ఏడుస్తూ పక్కింటి చాచా దగ్గరికి వెళ్లాను. ఆయన ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవారు. వయసులో ఉన్నప్పుడు మంజీర దాటి మరాఠీ ఊళ్లకూ పోయేవారట. కళాయికి వాడే నవసాగరం తడిస్తే కరిగిపోతుంది. అందుకని ఆ మూటను రొమ్ము మీద పెట్టుకుని, వెల్లకిలా పడుకుని, కాళ్లతోనే ఏరు దాటేవారు.

"మెడ తిప్పి ముందటికి సూస్తున్నవు, గందుకే వంకర పోతున్నవు బేటీ," అన్నారు. "ఇడిసిన ఒడ్డు దిక్కు సూడు. ఆడ ఒక గురుతు పెట్టుకో. అది నీ రెండు కాళ్ల నడుమ ఉన్నంతసేపు నువ్వు సక్కగ పోతున్నట్టే."

మొదటిరోజు నేను గురుతు పెట్టుకున్నది ఒడ్డున మేస్తున్న బర్రెను. అది మేసుకుంటూ పోయింది, దానితోపాటు నేనూ పోయాను. చాచా పొట్ట పట్టుకుని నవ్వారు. "కదిలేదాన్ని పెట్టుకుంటరా పిచ్చిపిల్లా? పందెం నాడు నేనే నిలబడత."

అన్నట్టే, మోకాళ్ల నొప్పులతో వచ్చి నిలబడ్డారు. అప్పుడే కళాయి పోసిన పెద్ద పళ్లెం రెండు చేతులతో తల మీదికెత్తి పట్టుకున్నారు. ఈల వేయగానే జనమంతా తూము వైపు పరుగెత్తారు, చాచా మనవలు కూడా. నాకు మాత్రం కనిపించేవి ఆకాశం, నా కాలి వేళ్లు, వాటి నడుమ ఆ తళుకు. అది ఇటు కదల్లేదు, అటు కదల్లేదు. చేతికి తూము రాయి తగిలింది. ఏడుగురిలో మూడోదాన్ని. మా బాపు ధోతి ఎగ్గట్టి నీళ్లలోకి దిగి నన్ను ఎత్తుకున్నాడు. "తాడు పట్టినట్టు అచ్చినవు బిడ్డా," అన్నాడు. చెరువు బంద్ అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సంబరంలో, బెల్లం పంచుకునే గోలలో చాచాను మరిచేపోయాను. గుర్తొచ్చి తడి బట్టలతోనే కట్ట మీద వెనక్కి పరుగెత్తాను. ఆయన అక్కడే ఉన్నారు. జనం అడ్డం నిలిచిన తూము ఆయనకు కనబడలేదు. ఎత్తిన పళ్లెం ఇంకా తల మీదే ఉంది.

"చేరినవా బేటీ? ఇగ దించాల్నా?" అని అడిగారు.

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి ఆయన్ను కరుచుకుపోయాను.

డెబ్భై దాటాను. మా ఇంటి పిల్లలు ఏ పని మీద బయలుదేరినా, అందరూ గెలిచే చోటికి పరుగెత్తుతారు. నేను వాళ్లు వదిలి వెళ్లిన ఒడ్డునే నిలబడతాను. కాళ్లు పీకుతాయి, అయినా సంతోషంగానే ఉంటుంది. చేరామని వాళ్ల నోటితో చెప్పేదాకా నాకు చేతులు దించబుద్ధి కాదు.