చదివి వినిపించడమైనది

నా చిన్నప్పుడు పుత్తూరు బ్యాంకులో చూసిన ఒక సంగతిని నవ్వుతూ ఎందరికో చెప్పాను. దాని తర్వాత నేను చేసిన పనిని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా తాతయ్య బావికి మోటారు పెట్టించడానికి చేను తాకట్టు పెడుతూ నన్ను వెంట తీసుకెళ్లాడు. మేనేజరు ఒక్కో పత్రం తెలుగులో చదివి వినిపిస్తుంటే, తాతయ్య ఓపిక లేక ముందుముందుకు వేలిముద్రలు వేసుకుంటూ పోయాడు. ఒక కాగితం దగ్గర మేనేజరు ఆయన మణికట్టు పట్టుకున్నాడు. అది ఏమీ రాయని తెల్ల కాగితం. మేనేజరే కావాలని నడుమ పెట్టాడు.

"ఏం పెద్దాయనా, ఉత్త కాయితానికి గూడా ఏలిముద్ర ఏస్తావా?"

"మీరుండారు గద సామీ, నాకేం బయం?"

"నేనుండేది రెండేండ్లు. కాయితం మీ మనవడి కాలం దాకా ఉంటాది."

చదివి వినిపించాకే ముద్ర తీసుకోవాలన్నది ప్రభుత్వం పెట్టిన నిబంధననీ, అది చదువు రానివాళ్ల కోసమేననీ చెప్పి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. వెనక వరుసలో వాళ్లు గొణిగినా తలెత్తలేదు.

పెద్దయ్యాక నేను తిరుపతిలో ఇళ్ల మీద అప్పులిచ్చే ఒక కంపెనీలో చేరాను. తిరుచానూరులో పూలమ్మే మా పక్కింటి అక్కకు చదువు రాదు. మిద్దె మీద గది వేసుకోవాలని నా దగ్గరికే వచ్చింది. "నువ్వుండావు గదప్పా" అంది. ఆ సాయంత్రం లోపల ఇంకా నాలుగు ఫైళ్లు పంపాలి. వడ్డీ పెరగొచ్చన్న పేజీ చదవలేదు. చదివినట్టు కింద సంతకం పెట్టాను.

వడ్డీ పెరిగింది. నెలనెలా కట్టే కంతులు తప్పాయి. ఇల్లు వేలానికొస్తే ఆమె ఫిర్యాదు చేసింది. విచారణకు వచ్చిన అధికారి నన్ను ఒక్కటే అడిగాడు, చదివి వినిపించారా అని. ఆమెను కాయగలిగిన నిబంధన అదొక్కటే. అది నా నోటి మీద ఆధారపడి ఉంది. వినిపించానన్నాను. ఇల్లు పోయింది.

మొన్న ఆమె దగ్గరికి వెళ్లాను. అద్దె గది గడపలో కనకాంబరాలు కడుతోంది. చదవలేదని, అబద్ధమాడానని చెప్పాను.

"ఇప్పుడు చెప్తే ఇల్లొస్తాదా అబ్బా?"

"రాదక్కా. కేసు తిరగదోడే గడువు దాటిపోయింది."

ఆమె దారం బిగించింది. "అయితే ఇప్పుడన్నా సదువు. నా ఇల్లు యాడ పోయిందో ఇంటాను."

పత్రం నకలు నా సంచీలోనే ఉంది. మొదటి నుంచి చదివాను. వడ్డీ పేజీ చదివాను. అడుగున "చదివి వినిపించడమైనది" అని, దాని కింద నా పేరు. అదీ చదివి, "తప్పు నాదక్కా, క్షమించు" అన్నాను.