క్యాసెట్టు అయిపోయిన చోట

ఇంతవరకు నోరు తెరిచి ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్తున్నా, నవ్వకండి. నాకు ప్రాణమైన పాట చివర్లో ఎలా ఉంటుందో నిన్నటిదాకా నాకే తెలియదు!

మా మావయ్య హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరి దగ్గరో రికార్డు చేయించుకున్న క్యాసెట్టు అది. ఇంగ్లీషు రాక్ బ్యాండు ఆల్బమ్, మావయ్య పుట్టకముందుదట. మాటలు సగం అర్థం కాకపోయినా, గిటార్ మోగగానే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. అది వినీ వినీ, ఎవరూ నేర్పకుండానే గిటార్ పట్టాను. చివరి పాట మాంచి ఊపులో ఉండగా ఠక్కున ఆగిపోతుంది. "అదీ దమ్మంటే! పాటను అలా కోసెయ్యాలంటే ఎంత ధైర్యం ఉండాలి!" అని తిరువూరులో కనబడిన వాళ్ళందరికీ క్లాసు పీకాను. "ఫోన్లో వినొచ్చు కదే" అంటే, "ఛీ, ఆ మజా రాదు" అనేదాన్ని.

మొన్నామధ్య విస్సన్నపేటలో ఒక ఫంక్షన్‌లో ఆ పాటే వాయించాం. నేను గిటార్, నా ఫ్రెండ్ షాహీనా డ్రమ్స్. ఇద్దరం స్టేజీ ఎక్కడం అదే మొదలు, పాట కూడా ఎవరింట్లో వాళ్ళం నేర్చుకుని నేరుగా వచ్చేశాం. ఆ చోటు రాగానే నేను ఠక్కున ఆపి, చెయ్యి గాల్లోకి లేపి నిలబడ్డా. షాహీనా ఆపదే!

"ఆపవే, పాట అయిపోయింది!" అన్నా. మైకు ఆన్‌లోనే ఉంది.

"ఇంకా బోలెడు ఉందే తల్లీ!"

"ఈ పాట గురించి నువ్వు నాకు చెప్తావా?"

హాలంతా గొల్లుమంది. షాహీనా స్టిక్స్ బ్యాగులో పడేసి, బిర్యానీ కూడా తినకుండా షేర్ ఆటో ఎక్కేసింది. అప్పట్నుంచీ మాటల్లేవు.

నిన్న టేప్ రికార్డరు ఆ క్యాసెట్టు రీలు నమిలేసింది. గతిలేక ఫోన్లో పెట్టా. ఆ చోటు రాగానే అలవాటుగా చెయ్యి లేపాను... పాట ఆగదే! మావయ్య రికార్డు చేయించినప్పుడు అక్కడికి టేపు అయిపోయిందన్నమాట. ఇన్నాళ్ళూ నేను మెచ్చుకున్న దమ్మంతా ఆ చవక క్యాసెట్టుదే!

అసలు దెబ్బ ఇంకోటుంది. ఆ తర్వాత చాలాసేపు డ్రమ్స్ ఒక్కటే మోగుతాయి. గిటార్ నోరు మూసుకుని నిలబడాలి! తర్వాత మెల్లగా వచ్చి కలుస్తుంది... అబ్బ, ఏం కలుస్తుందండీ! అంత పాత ఆల్బమ్‌లో నాకోసం ఇంకా కొత్త ముక్క మిగిలే ఉంది. కానీ దాన్ని నేనొక్కదాన్నే వాయించలేను.

పైగా పెనుగొలనులో ఇంకో ఫంక్షన్‌కి పిలుపొచ్చింది, "ఆ పోట్లాడుకునే అమ్మాయిలే కావాలి" అని.

షాహీనాకి ఫోన్ చేస్తున్నా. తిట్టనీ, ఎంతసేపైనా తిట్టనీ. ఈసారి మాత్రం మధ్యలో "అయిపోయింది" అనను.