పెద్ద చీనీ పళ్లెం అడుగున

పింగాణీ వయసు చెప్పేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట. ఒకడు గోటితో గీకి చెప్తాడు, ఒకడు వేలితో తట్టి చెప్తాడు. ఒకడు చెప్పింది ఇంకొకడు ఒప్పుకోడు. చెప్పేసి టీ తాగి వెళ్లిపోతారు. ఆ మాట ఎవరి నెత్తిన పడిందో వెనక్కి తిరిగి చూడరు. మా ఇంట్లో అది మా బాపు నెత్తిన పడింది.

మా ఇల్లు శాలిబండలో. గల్లీ చివర దేవిడీ అనే ఒక నవాబుల మహలు ఉండేది. బాపు తన పెళ్లి కాకముందు నుంచీ అందులో పని చేసేవాడు. లోపల చీనీఖానా అని ఒక గది ఉండేది. గోడల నిండా అలమారాలు, వాటి నిండా ఎప్పుడో చీనా దేశం నుంచి వచ్చిన పళ్లేలు, గిన్నెలు, కూజాలు. వాటిని తుడవడం, దావత్‌లకు దించడం, కడిగి మళ్లీ ఎక్కించడం, అదే బాపు ఉద్యోగం. ఆ గది తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. ఇంట్లో మేం స్టీలు గిన్నె కింద పడేసినా ఉలిక్కిపడి గుండె పట్టుకునేవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

డెబ్బైల్లో, నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్‌గా చేరిన కొత్తలో, దేవిడీలో పెద్దాయన పోయారు. ఆయన కొడుకును బాపు ఛోటే సర్కార్ అని పిలిచేవాడు. ఆ ఛోటే సర్కార్ చీనీ సామాను అమ్మేద్దామని బొంబాయి నుంచి ఒక వ్యాపారిని పిలిపించాడు. వ్యాపారి అన్నీ చూస్తూ చూస్తూ, అన్నిటికంటే పెద్ద పళ్లాన్ని వెలుతురులోకి తెప్పించాడు. తెల్లటి పళ్లెం మీద నీలం పూలతీగలు. చంటిపిల్లను పడుకోబెట్టేంత పెద్దది. దాన్ని బోర్లించాడు. పళ్లెం నిలబడడానికి అడుగున గుండ్రటి అంచు ఉంటుంది కదా, దానికి మెరుపు పూత ఉండదు, గరుకుగా ఉంటుంది. ఆ అంచంతా పచ్చగా, జిడ్డుగా ఉంది. గీకితే గోట్లోకి రంగు వచ్చింది.

"నక్లీ" అన్నాడు వ్యాపారి. కొత్త పళ్లేలకు అంచున ఇట్లా రంగు పట్టించి పాతవని అమ్ముతారట. అలాంటివి బొంబాయిలో రోజూ చూస్తాడట.

కానీ ఆ పళ్లెం తాతల నాటిదని దేవిడీలో అందరికీ తెలుసు. మరి ఇది నక్లీ అయితే అసలుది ఏమైంది? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? అంతే, లెక్క తేలిపోయింది. ఎవరూ నోరు తెరిచి దొంగ అనలేదు. తాళంచెవి ఇచ్చి ఇంటికి పొమ్మన్నారు, అవసరమైతే పిలుస్తామన్నారు. పొద్దుగూకేసరికి గల్లీ అంతా పాకిపోయింది. మర్నాడు నల్లా దగ్గర అమ్మను చూడగానే ఆడవాళ్లు మాటలు ఆపేశారు. ఆమె నిండని బిందెతోనే ఇంటికి వచ్చేసింది.

"నువ్వు మార్చలేదని గట్టిగ చెప్పినవా బాపూ?" అని అడిగాను.

"చెప్పిన."

"ఏమని చెప్పినవ్?"

"నేను మార్చలేదు సర్కార్, అని చెప్పిన."

"గంతేనా?"

"ఇంకేం చెప్పాలె బిడ్డా?"

నెత్తి కొట్టుకున్నాను. మా బాపు నోట్లో నాలుక లేని మనిషి. ఆ నాలుకేదో రెండింతలు నాకు వచ్చింది, దాంతో ఏం లాభం, నన్ను అడిగేవాడెవడు! బాపు అన్నం ముందు కూర్చుని నీళ్లు మాత్రం తాగి లేచేవాడు. పగలు వాకిట్లోకి కూడా వచ్చేవాడు కాదు.

నాకు సెలవున్న రోజు ఊళ్లో మ్యూజియానికి వెళ్లాను. అక్కడ చీనీ సామాను గదులు చూసే ఒక ఉద్యోగి ఉండేవాడు. మంచివాడే, కాకపోతే ఒక్క మాటకూ నిలబడడు. పళ్లెం అడుగున చీనా రాతలో రాజు పేరు ఉంటుందని నేను ఎక్కడో విన్నాను. దాన్ని చదివితే వయసు తెలిసిపోతుంది కదా అన్నాను.

"ఆ రాత అస్సలు నమ్మొద్దమ్మా" అన్నాడు. "వాళ్లు గౌరవం కొద్దీ ఎప్పుడో పోయిన రాజుల పేర్లు గూడ రాసెటోళ్లు."

"మరి దేన్ని నమ్మాలె సార్?"

"మెరుపు కింద నీలం ఎట్ల ఇంకిందో చూడాలె. అడుగు అంచు చూడాలె. మెరుపు ఆగిపోయి మట్టి మొదలయ్యే కాడ తుప్పురంగు గీత ఉంటే మంచిది. అది బట్టీల కాలినప్పుడు వచ్చేది, పూస్తే రాదు."

"అంచుకు ఏదో పచ్చ రంగు ఉంది సార్."

"రంగుంటే అనుమానమే."

"అంటే నక్లీ అంటరా?"

"నేను గట్లంటినా? చూడకుండ ఎట్ల చెప్తనమ్మా!"

బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక ఏడుపొచ్చింది. పళ్లెం తెస్తే గాని చెప్పడు, పళ్లెం దేవిడీలో ఉంది. ఇక లాభం లేదని సిగ్గు చంపుకుని ఛోటే సర్కార్ దగ్గరికే వెళ్లాను. ఆ పళ్లెం కొన్నాళ్లు నాకు ఇవ్వమని అడిగాను. ఆయన నా ముఖం కూడా సరిగా చూడలేదు.

"నక్లీ మాల్ కదా, తీస్కపో. నాకెందుకది?"

తాతల నాడు నౌకరు కూడా రెండు చేతులతో తప్ప ముట్టని పళ్లెం. దాన్ని పాత చీరలో చుట్టుకుని, ఎదురొచ్చే ప్రతి సైకిలునూ తిట్టుకుంటూ ఇంటికి తెచ్చాను.

ముందు ఆ జిడ్డు వదిలిద్దామని బట్టల సబ్బుతో అంచు రుద్దాను. పచ్చగా ఉన్నదల్లా ఎర్రబడింది. సబ్బు తగిలితే ఎర్రబడేది ఏదో ఈ లోకంలో ఏ ఆడదానికైనా తెలుసు. వాసన చూశాను. పసుపు! నూనెలో కలిపిన పసుపు!

"బాపూ!" అని నేను అరిచిన అరుపుకు అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. బాపు పళ్లాన్ని చూసి తల దించుకున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"దసరాకు అందరు పనిముట్లకు పసుపు కుంకుమ పెడ్తరు. సుతారోడు తాపీకి పెడ్తడు, మంగలోడు కత్తికి పెడ్తడు. నా పనిముట్టు ఏంది బిడ్డా? తుడిచే గుడ్డకు పెడ్తనా? అన్నిట్ల పెద్దది గా పళ్లెం. దానికి పెడ్తే అన్నిటికి పెట్టినట్టే అనుకున్న. ముంగట పెడ్తే వాళ్లు తినే పళ్లెమాయె. అందుకే అడుగుకు పెట్టిన."

"ప్రతి దసరాకా?"

"ఒక్కటి గూడ తప్పలే."

నున్నటి చోట తుడిస్తే పోయింది. గరుకు అంచులో ఇన్నేళ్ల పసుపూ ఇంకిపోయింది. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"గా మాట వాళ్లకు చెప్తే అయిపోయేది కదా! దొంగ అంటే పడ్తవు గని, పసుపు పెట్టిన అని చెప్పవా?"

"దొంగతనం నేను చెయ్యలె. అది అబద్ధం, ఒకనాడు పోతది. పసుపు పెట్టింది నిజమే గదా బిడ్డా. నమాజ్ చేసుకునే ఇల్లు అది. అడగకుండ వాళ్లింట్ల పూజ చేసిన. ఏమనుకుంటరో."

ఇంత మంచితనాన్ని ఏం చేసుకోవాలి! గోడకు తల బాదుకోవాలనిపించింది. అమ్మ మాత్రం వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

పసుపు మరక ఎండకు పోతుంది. పళ్లాన్ని మిద్దె మీద బోర్లించి ఎండబెడదామంటే, దిక్కుమాలిన ముసురు పట్టుకుంది. మబ్బు విడిస్తే పైకి మోయడం, చినుకు పడితే కిందికి దించడం. డ్యూటీలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూడా కిటికీలోంచి ఆకాశాన్నే తిట్టుకునేదాన్ని. చివరికి ఎండ కాసింది. కడగడం, ఎండబెట్టడం, మళ్లీ కడగడం. అంచు తెల్లబడింది. మెరుపు ఆగే చోట సన్నటి తుప్పురంగు గీత బయటపడింది. అంచు పక్కనే, ఇన్నాళ్లూ పసుపు ముద్ద కింద పూడిపోయి, సూదితో పొడిచినట్టు వరసగా చుక్కలు ఉన్నాయి.

మ్యూజియం ఉద్యోగి ఆ చుక్కల్ని చూసి కుర్చీలోంచి లేచాడు. ఈ ఊళ్లో గొప్పింటివాళ్లు చీనీ సామాను అడుగున తమ పేర్లు అట్లా పొడిపించుకునేవారట. అవి ఉర్దూ అక్షరాలు. కూడబలుక్కుని చదివాడు. ఛోటే సర్కార్ తాతగారి పేరు!

"ఎన్నేండ్లది సార్?"

"రెండొందలకు తక్కువ లేదు. మూడొందలంటే నేను కాదనను."

"ఒక్క మాట చెప్పుండ్రి సార్, మీకు దండం పెడ్తా!"

"గింతకంటే చెప్తే అబద్ధమైతదమ్మా."

సరే, పోనీ. పళ్లెం అదే, మారలేదు. నాకు కావలసింది అంతే. తిన్నగా దేవిడీకి వెళ్లి ఛోటే సర్కార్ ముందు బోర్లించి పెట్టాను.

"అరె, దాదా హజ్రత్ కా నామ్!" అంటూ ఆయన తాతగారి పేరు మీద వేలు పెట్టి మురిసిపోయాడు. బాపు చెప్పొద్దన్నా పసుపు సంగతి చెప్పేశాను. ఆయన పెద్దగా నవ్వాడు.

"హల్దీకి ఇంత లొల్లా?"

"మరి మా బాపు సంగతేంది సాబ్?"

"ఏం సంగతి?"

"దొంగ అని గల్లీ అంతా..."

"మేమెవరం అనలే కదా! పొద్దున రమ్మను. సామాను పేటీల్లో కట్టాలె."

నిజమే, వాళ్లెవరూ అనలేదు. ఆ అనకపోవడమే కదా మమ్మల్ని కాల్చుకు తిన్నది! పళ్లెం అక్కడే వదిలి ఇంటికొచ్చాను. బాపూ పోవద్దు, వాళ్ల ముఖం చూడొద్దు అని తెల్లారేదాకా పోరాను. గోడకు చెప్పినట్టే అయింది. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. నా డ్యూటీ మధ్యాహ్నం కాబట్టి నేనూ వెంట వెళ్లాను.

ఛోటే సర్కార్ కుర్చీలో కూర్చుని సిగరెట్టు తాగుతున్నాడు. బాపు అలమారాలోంచి ఒక గిన్నె తీశాడు, తుడిచాడు. పేటీ దగ్గరికి పోకుండా తిన్నగా కుర్చీ దగ్గరికి వెళ్లి, దాన్ని బోర్లించి చూపించాడు. ఆయన తలూపాడు. బాపు గిన్నెను గడ్డిలో పెట్టి ఇంకోటి తీశాడు. మళ్లీ కుర్చీ దగ్గరికి, మళ్లీ బోర్లించడం. పళ్లేలు, సాసర్లు, చిటికెడు ఉప్పు పట్టే గిన్నెలు, ఒక్కటీ వదలలేదు. ఛోటే సర్కార్‌కు విసుగొచ్చింది.

"బస్, బస్! నాకు చూపించకు. నీ మీద నమ్మకముంది."

బాపు చేతిలో కప్పు ఉంది. దాన్ని దించలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నమ్మకం ఉన్ననాడు ఎన్నడన్న చూపిచ్చిన్నా సర్కార్? జెర చూడుండ్రి" అన్నాడు.