అక్క చేతి కొలత

తమ్ముడు స్విచ్చి వేసి పక్కకి జరిగాడు. అక్క కుర్చీ ముందుకు లాక్కుని ఆటపెట్టె ఎదుట కూర్చుంది.

పాతకాలం వీడియో గేములు ఇంట్లో పెట్టుకుని ఆడుకునేవాళ్ళకి, ఆ పెట్టె మీద జాయ్‌స్టిక్కూ బటన్లూ బిగించే పలక తయారుచెయ్యడం తమ్ముడి పని. అందరికీ అతను బటన్ల బాబాయ్. ఒక్క బటన్ వెంట్రుకవాసి పక్కకి జరిగినా పలక మొత్తం పీకేసి మళ్ళీ మొదలుపెట్టే చాదస్తం. ఈ ఆటల పిచ్చి అంటించింది అక్కే. చిన్నప్పుడు గేముల కొట్లో ఆవిడ ఆడుతుంటే పెద్దపెద్దవాళ్ళే నోరెళ్ళబెట్టి చూసేవాళ్ళు. తమ్ముణ్ణయితే ఓడించి, ఏడిపించి, మళ్ళీ తనే ఓదార్చేది.

ఇప్పుడు ఆ చెయ్యి వణుకుతోంది. ఆ మాటెత్తితే చాలు, ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. జాలిపడి టీ కప్పు పట్టుకోబోయిన మరిదిని నలుగురిలో కడిగిపారేసింది. ఆటా మానేసింది. అందుకే బాబాయ్ అబద్ధమాడాడు: "కస్టమర్‌ది అక్కా, ఒక్కసారి ఆడి చెప్పు." వణుకుకి కదలకుండా జాయ్‌స్టిక్‌కి గట్టి స్ప్రింగు వేశాడు. వేలు పొరపాటున తగిలినా నొక్కుకోకుండా బటన్లు లోతుకి దించాడు. ఇది తెలిసిందో, అక్క లేచి వెళ్ళిపోతుంది. మళ్ళీ జన్మలో ఆట ముట్టదు.

తెర మీద ఆవిడ విమానం పేలిపోయింది. రెండోది కాసేపు నిలిచి, అదీ పోయింది. అక్క ఆగింది. స్టిక్కుని మెల్లగా పక్కకి వంచి వదిలింది. మళ్ళీ వంచింది.

"ఎవర్రా ఆ కస్టమరు?"

"ఉందిలే అక్కా, ఒకావిడ."

"ఆవిడకి చెయ్యి వణుకుతుందా?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. బాబాయ్‌కి అదీ చేతకాలేదు. తలూపాడు.

"బాగా ఆడుతుందా?"

"ఒకప్పుడు ఆవిణ్ణి ఓడించినవాడే లేడు."

అక్క కుర్చీ వెనక్కి జరిపింది. అయిపోయింది, లేస్తోంది అనుకున్నాడు. ఆవిడ లేవలేదు.

"స్ప్రింగు బాగుంది. చివరి బటనే దూరమైంది. ఆవిడ వేలు ఇప్పుడు అంత సాగదురా. కొలత తీసుకోలేదా?"

తీసుకోలేదు. ఎవరొచ్చినా అట్టముక్క మీద చెయ్యి పెట్టించి, చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్నాకే డ్రిల్లు పట్టేవాడు. అక్కని అడిగే ధైర్యం లేక, అప్పట్లో గేముల కొట్లో చూసిన చేతినే తలుచుకుని చిల్లులు కొట్టేశాడు.

"అడగడానికి భయమేసింది," అన్నాడు.

"భయపడే మొహానికి మళ్ళీ అబద్ధాలొకటి!"

అక్క బల్ల మీది అట్టముక్క లాక్కుని, వణుకుతున్న చేతిని దాని మీద పరిచింది.

"గీయి. గీత వంకరపోతే పోనీ, సరిచెయ్యకు."