తల కిందికే ఉంది, మేడం

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరుసగా నిలబెడితే సూరత్ స్టేషన్ నుంచి బమ్రోలిలో మా ఇంటి దాకా వస్తాయి. ఆ వరుసలో అన్నిటికన్నా ముందు నిలబడేది, కరోనా రోజుల్లో ఒక ఫోన్ ఎత్తడం. ఎత్తి "హలో" అన్నాను, అంతే. నాలుగు రోజులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాను.

ఇరవై ఏళ్లు సాంచాల, అంటే మరమగ్గాల, కింద తల దూర్చి రిపేర్లు చేసిన మెడ నాది. అది అరిగిపోతే డాక్టర్లు కోసి, రెండు ఎముకలను ఓ చిన్న ప్లేటుతో, మరలతో కలిపి బిగించారు. చేతుల తిమ్మిరి పోయింది. మెడనొప్పి మాత్రం, వచ్చి వెళ్లడం మరిచిపోయిన చుట్టంలా తిష్ట వేసింది. ఎవరైనా పిలిస్తే పాత లారీ మలుపు తీసుకున్నట్టు ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది.

చూపించుకుందామంటే ఆస్పత్రికి రావొద్దన్నారు, డాక్టరే ఫోన్ చేస్తారన్నారు. ఇంట్లో నేను, నా భార్య పద్మ, నిండు కడుపుతో ఉన్న మరదలు లావణ్య. ఆమె భర్త, అంటే నా తమ్ముడు, సిరిసిల్ల వెళ్లి అక్కడే ఇరుక్కుపోవడంతో ఆ పిల్ల మా దగ్గరే ఉంది.

ఒక ఉదయం ఫోన్ మోగింది. "మల్లేశం భాయ్ నంబరేనా? ఆస్పత్రి నుంచి. మేడం మాట్లాడతారు."

నాకు ఆపరేషన్ చేసింది సారు. పాపం ఆయనకూ జ్వరమేమో, ఈమెకు అప్పగించారేమో అనుకున్నాను. మాటలు హిందీలో నడిచాయి, మీకు తెలుగులో వినిపిస్తాను.

"ఎన్నో నెల నడుస్తోంది?"

"ఎనిమిదోది పడ్డది మేడం." నిజమే, ఆపరేషనై ఏడు నెలలు దాటింది.

"కదలిక తెలుస్తోందా?"

"కుడిదిక్కు మంచిగనే ఉంది. ఎడమదిక్కు తిప్పితేనే తిప్పలు."

"మీరేమీ తిప్పకండి! అదే తిరుగుతుంది. తల కిందికే ఉందా?"

"కిందికే ఉంది మేడం. ఎంత జేసినా పైకి లేస్తలేదు."

"చాలా మంచిది! లేవకూడదు. చివరిదాకా అలాగే ఉండాలి."

చివరిదాకానా? నా బుర్ర గిర్రున తిరిగింది, మెడ తిరగకపోయినా.

"ఎడమవైపు తిరిగి పడుకోవాలి. తినాలనిపించింది పెట్టండి, ఎవరూ కసురుకోకండి. ఇంకో నెలన్నర, తర్వాత బయటికి వచ్చేస్తుంది."

"బయటికా? ఎటుదిక్కు నుంచి మేడం?"

"అందరికీ ఎటునుంచి వస్తుందో అటునుంచే! మొదటిసారా?"

"మొదటిసారే మేడం."

"భయపడకండి. దానంతటదే వస్తుంది. రాకపోతే కోసి తీస్తాం."

ఫోన్ పెట్టేసి రెండు చేతులతో మెడ పట్టుకుని అరిచాను. "పద్మా! ప్లేటు బయటికొస్తదంట!"

వంటింట్లోంచి జవాబు వచ్చింది. "ఏ ప్లేటు? స్టీలుదా?"

"నా మెడల ఉన్న ప్లేటే!"

మేడం చెప్పినట్టే చేశాను. ఎడమవైపే పడుకున్నాను. గడ్డం గుండెకు ఆనించి, కింద ఏదో పారేసుకున్నవాడిలా నాలుగు రోజులు తిరిగాను. నొప్పి నాలుగింతలైంది. రోజూ సర్వపిండి చేయించుకు తిన్నాను, అది వైద్యుల ఆజ్ఞ కదా. దగ్గు వచ్చినా ఆపుకున్నాను, ఆ అదురుకు మరలు ఊడివస్తాయేమోనని. పద్మ పాపం మెత్తని తువ్వాలు నా మెడకు చుట్టి, చాటుకు వెళ్లి ఏడ్చింది.

నాలుగో రోజు లావణ్య మెల్లగా అడిగింది. "బావా, నా ఫోన్ ఖరాబైందని మా డాక్టరమ్మకు నీ నంబరే ఇచ్చిన. ఇంకా ఫోన్ జెయ్యలే. ఏమన్న వచ్చిందా?"

"లేదమ్మా. నాకే వచ్చింది, మా మేడం నుంచి."

"మేడమా? నీకు సారు గదా బావా?"

పద్మ నా ముందుకొచ్చి నిలబడింది. "ఏమేం అడిగిందో మల్లొక్కసారి చెప్పు."

చెప్పాను. 'కదలిక' దగ్గర ఆమె పెదవి వణికింది. 'తల కిందికి' అనేసరికి నేలమీద కూలబడింది. లావణ్య కడుపు పట్టుకుని, నవ్వుకు కళ్లవెంట నీళ్లు కారుతుంటే, "బావా, ఇగ చెప్పకు, నాకు ఈడ్నే కాన్పయితది!" అని చేతులు జోడించింది.

నేను మాత్రం కొయ్యలా నిలబడ్డాను. సిగ్గుపడాలా, బతికిపోయానని సంబరపడాలా అర్థం కాలేదు. లావణ్య అప్పుడే నా ఫోన్ నుంచి తన డాక్టరమ్మకు ఫోన్ చేసి మాట్లాడుకుంది.

వారం తిరిగేసరికి అసలు సారు ఫోన్ చేశారు. ఎక్స్‌రే పంపించుకుని చూశారు. "ఎముక బాగా అతుక్కుంది. నొప్పి కండరాలది, బలం రావడానికి టైం పడుతుంది. మెల్లగా మెడ ఆడించు. తల వంచుకుని ఉండమని నీకెవరు చెప్పారు?"

"ఎవరో మేడం సార్," అన్నాను. ఏ మేడమో మాత్రం చెప్పలేదు.

లావణ్యకు ఆడపిల్ల పుట్టింది. నా మెడ ఇప్పటికీ చలికాలంలో సతాయిస్తుంది, పనికైతే పోతున్నాను. మొన్న పని నుంచి వస్తూ నొప్పిగా ఉందన్నానో లేదో, పద్మ అడిగింది. "ఈసారి ఎన్నో నెల?"

అందుకే పాఠకుల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట ఏ ఆస్పత్రి ఫోన్ చేసినా, కడుపు డాక్టరా, మెడ డాక్టరా అని తేలేదాకా నా తల పైకుందో కిందుందో చచ్చినా చెప్పను.